శత్రువుల మీద పడిన దేవుని భయం: హెబ్రీ లేఖనాల్లో ఈ అంశాన్ని చదివే పద్ధతి

కాపుదల వాక్యాలు చాలామందికి కంఠతా వచ్చు. 91వ కీర్తన అందుకుంటే చివరిదాకా ఆగకుండా చెప్పేస్తారు. అయితే హెబ్రీ లేఖనాల్లో, అంటే పాత నిబంధనలో, ఆ కాపుదల జరిగే తీరు ఒకటి ఉంది, దాని దగ్గర ఆగి చూసేవాళ్లు తక్కువ. దేవుడు ఎదుటివాళ్ల గుండెల్లో భయం పెడతాడు. వెంటాడాల్సినవాళ్లు వెంటాడరు. ముట్టడి వేసినవాళ్లు గుడారాలు వదిలేసి పోతారు. రాజులు కబురు విని వణుకుతారు. ఆదికాండం నుంచి ఎస్తేరు దాకా ఈ అంశం ఎడతెగకుండా కనిపిస్తుంది. దాన్ని వరసగా చదవాలనుకునేవాళ్ల కోసం ఈ పద్ధతి. ఒంటరిగా చదివినా, నలుగురూ కలిసి చదివినా పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందే ఒకటి గట్టిగా పట్టుకోవాలి. ఈ భయం ఇశ్రాయేలు చేతిలో ఉండే ఆయుధం కాదు. అది దేవుని దగ్గరే ఉంటుంది, ఆయన ఇశ్రాయేలుతో చేసుకున్న నిబంధనను, అంటే ఒడంబడికను బట్టి కదులుతుంది. నిబంధన తప్పినప్పుడు అదే భయం ఇశ్రాయేలు మీదికే తిరుగుతుంది. ఈ చివరి ముక్క వదిలేసి చదివితే మిగతావన్నీ తప్పు దారి పడతాయి.

కావలసినవి

పూర్తి బైబిలు కావాలి. వాగ్దానాలు ఏరి కూర్చిన చిన్న పుస్తకం దీనికి చాలదు, ఎందుకంటే ఇక్కడ వాక్యం కంటే దాని ముందు అధ్యాయమే ఎక్కువ చెబుతుంది. ఒక నోటుపుస్తకం, మూడు రంగుల పెన్నులు చాలు. రోజుకు గంట చొప్పున ఎనిమిది సార్లు కూర్చుంటే ప్రధానమైన భాగాలన్నీ అయిపోతాయి. కీర్తనలను చివరికి ఉంచండి. వాటితో మొదలుపెడితే పాటలోని మాటలకు వెనక ఉన్న సంఘటనలు తెలియవు.

హెబ్రీ మూలంతో పోల్చి చూసేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. కీర్తన పైన ఉండే శీర్షికను హెబ్రీ ప్రతులు చాలాచోట్ల ఒక వచనంగా లెక్కపెడతాయి. అందుకే మన బైబిల్లో 53:5 అనేది అక్కడ 53:6 అవుతుంది. కొన్నిచోట్ల అధ్యాయం మొదలయ్యే చోటు కూడా వేరు, అందుకే 2 దినవృత్తాంతములు 14:14 అక్కడ 14:13. వచనం దొరకలేదని కంగారుపడకుండా ఒకటి ముందుకో వెనక్కో చూడండి.

ఐదు గళ్ల పట్టిక

నోటుపుస్తకంలో పేజీని అడ్డంగా తిప్పి ఐదు గళ్లు గీయండి. ఎవరు భయపడ్డారు? వాళ్లు ఏం విన్నారు, లేక ఏం చూశారు? భయపడి ఏం చేశారు? ఆ సమయంలో దేవుని జనం ఏం చేస్తున్నారు? దీనికి ముందు అధ్యాయంలో ఏం జరిగింది? మొదటి నాలుగూ వచనంలోనే దొరుకుతాయి. ఐదోదానికి పేజీ వెనక్కి తిప్పాలి. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

ఆదికాండం 35:5తో చేసి చూద్దాం. యాకోబు ఇంటివాళ్లు ప్రయాణమయ్యారు. చుట్టుపక్కల పట్టణాల మీద దేవుని భయం పడింది. ఎవరూ వాళ్లను తరమలేదు. వచనం అంతే. మూడో గడిలో రాయాల్సింది ఒక లేమి: తరమలేదు. నాలుగో గడిలో, యాకోబు బేతేలుకు వెళ్తున్నాడు, దేవుడు చెప్పాడు కాబట్టి. ఇక ఐదో గడి. 34వ అధ్యాయంలో షిమ్యోను, లేవి అనే అతని కొడుకులు షెకెము ఊరి మగవాళ్లను మోసం చేసి చంపారు. యాకోబు బెదిరిపోయాడు: మనం కొద్దిమందిమి, ఈ దేశస్థులు కూడి వస్తే నేనూ నా ఇల్లూ నాశనమే అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఉన్న అన్యదేవతలనూ చెవిపోగులనూ తెప్పించి షెకెము దగ్గరి చెట్టు కింద పాతిపెట్టాడు. అప్పుడు 35:5.

ఐదో గడి నింపాక వచనం రంగు మారిపోతుంది. అక్కడ కాపుదల పొందింది మచ్చలేని కుటుంబం కాదు. తప్పు చేసి, ప్రతీకారం తమ మీద పడుతుందని వణికిపోతున్న కుటుంబం. దేవుడు కాపాడినంత మాత్రాన ఆ కొడుకులు చేసింది ఒప్పు అయిపోలేదు. ఆదికాండం 49:5-7లో యాకోబు మరణశయ్య మీద వాళ్ల కోపాన్ని శపిస్తాడు. కాపాడటం వేరు, మెచ్చుకోవడం వేరు. ఈ తేడాను పట్టిక మొదటి వరసలోనే రెండో రంగుతో రాసిపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

వాగ్దానం ఉన్న అధ్యాయాన్ని మొత్తం చదవాలి

ఈ అంశానికి పునాది వాక్యం నిర్గమకాండం 23:27. నా భయాన్ని నీకు ముందుగా పంపుతాను, నీ శత్రువులు వెన్ను చూపేలా చేస్తాను అని దేవుడు మాట ఇస్తాడు. ఆ తర్వాతి వచనంలో కందిరీగలను పంపుతానంటాడు. ఇక్కడే ఆగిపోకుండా ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదవండి.

నాలుగో వచనంలో ఏముంది? నీ శత్రువు ఎద్దు గానీ గాడిద గానీ తప్పిపోయి కనిపిస్తే తోలుకెళ్లి అతనికి అప్పగించు. ఐదో వచనంలో, నిన్ను పగబట్టినవాడి గాడిద బరువు కింద పడి ఉంటే వదిలేసి పోవద్దు, సాయం చెయ్యి. తొమ్మిదో వచనంలో, పరదేశిని బాధపెట్టొద్దు, ఐగుప్తులో మీరూ పరదేశులే కదా, పరదేశి మనసు మీకు తెలుసు. ఈ మూడూ, శత్రువుల మీద భయం పంపుతానన్న మాటా ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఇరవై రెండో వచనంలో షరతు ఉంది: మాట వింటే నీ శత్రువులకు నేను శత్రువునవుతాను. ఇరవై తొమ్మిదిలో ఓర్పు ఉంది: ఒక్క ఏడాదిలోనే వాళ్లను వెళ్లగొట్టను, దేశం పాడై అడవి మృగాలు పెరుగుతాయి, కొద్దికొద్దిగా వెళ్లగొడతాను.

పొరుగింటివాడితో గొడవపడి ఇరవై ఏడో వచనాన్ని అతని మీద ప్రార్థించేవాళ్లు ఉన్నారు. అదే అధ్యాయం ఆ పొరుగువాడి గాడిదను తోలుకెళ్లి ఇమ్మంటోంది. వ్యక్తిగత పగ ఉన్నవాడికి వర్తించేది నాలుగో వచనం. ఇరవై ఏడోది ఒక జనం ఒక దేశంలోకి వెళ్లే సందర్భంలో దేవుడు ఇచ్చిన మాట. ఈ రెంటినీ కలిపేయడం ఈ అంశంలో జరిగే అతి మామూలు పొరపాటు, ఎక్కువ గాయం చేసేది కూడా ఇదే.

పాటను చరిత్రతో సరిచూడటం

నిర్గమకాండం 15:14-16లో ఎర్రసముద్రం దాటినవాళ్లు పాట పాడతారు. ఫిలిష్తీయులు, ఎదోము నాయకులు, మోయాబు బలవంతులు, కనాను నివాసులు అని నలుగురి పేర్లు వస్తాయి. ఒక్కొక్కరి పేరు రాసుకుని తర్వాత ఏం జరిగిందో వెతకండి. ఇది ఒక పూట పని, కానీ ఎంతో ఫలితం ఇస్తుంది.

మోయాబు భయపడింది, సంఖ్యాకాండం 22:3 ఆ మాటే చెబుతుంది. ఆ భయంలో మోయాబు రాజు బాలాకు చేసిన పని, ఇశ్రాయేలును శపించడానికి బిలామును పిలిపించడం. ఎదోము సంగతి వేరు. సంఖ్యాకాండం 20:14-21లో ఎదోము దారి ఇవ్వకపోగా సైన్యంతో ఎదురొచ్చింది. ఇశ్రాయేలు పక్కకు తిరిగి వెళ్లిపోయింది. మరి పాట తప్పిందా? ద్వితీయోపదేశకాండం 2:4-6 చదవండి. వాళ్లు మీకు భయపడతారు అని దేవుడు చెప్పి, వెంటనే జాగ్రత్త అంటాడు. వాళ్లతో పోట్లాడొద్దు, వాళ్ల నేలలో అడుగు పట్టేంత చోటు కూడా మీకివ్వను, అన్నం నీళ్లు డబ్బిచ్చి కొనుక్కోండి. ఎదుటివాడు భయపడుతున్నాడని తెలిసినప్పుడు ఎలా మెలగాలో లేఖనాల్లో ఇంత స్పష్టంగా చెప్పిన చోటు మరొకటి దొరకడం కష్టం. ఈ భాగాన్ని వదలకండి.

ఇక కనాను. యెహోషువ 2:9-11లో యెరికో ఊరి స్త్రీ రాహాబు చెప్పే మాటల్లో ఆ పాట ప్రతిధ్వని వినిపిస్తుంది. సముద్రం ఆరిపోయిన సంగతి విన్నాం, మా గుండెలు కరిగిపోయాయి అంటుంది. అప్పటికి నలభై ఏళ్లు గడిచాయి. కబురు ఇంకా పనిచేస్తూనే ఉంది. యెరికో అంతా విన్నది ఒకటే కబురు. ఊరు తలుపులు మూసుకుంది. రాహాబు వేగులవాళ్లను దాచి ఎర్రదారం కిటికీకి కట్టుకుంది. 9వ అధ్యాయంలో గిబియోనువాళ్లు అదే భయంతో పాత చెప్పులు, బూజుపట్టిన రొట్టెలతో వచ్చి సంధి చేసుకున్నారు. మూడో గడిలో ఈ మూడు జవాబులూ పక్కపక్కన రాస్తే ఒకటి తేటపడుతుంది: భయం ఒకటే అయినా దాంతో చేరే చోటు ఒకటి కాదు. దేవుని భయం పడినవాళ్లందరూ నాశనమయ్యారని చెప్పేవాళ్లు రాహాబును మర్చిపోతున్నారు.

తర్వాత ఏడో అధ్యాయానికి రండి. ఆకాను శపితమైన సొత్తు దాచుకున్నాడు. హాయి పట్టణం దగ్గర ఇశ్రాయేలు ఓడింది, ముప్ఫై ఆరుమంది చనిపోయారు. అప్పుడు 7:5 ఏమంటుంది? జనుల గుండెలు కరిగి నీరైపోయాయి. రెండో అధ్యాయంలో యెరికోవాళ్ల గురించి, ఐదో అధ్యాయంలో అమోరీయుల, కనానీయుల రాజుల గురించి చెప్పిన మాటే ఇక్కడ ఇశ్రాయేలు గురించి. ఈ మూడు వచనాలకూ ఒకే రంగుతో గీత గీయండి.

తిరగబడిన వాక్యాలు

వీటిని విడిగా ఒక పూట చదవండి, తప్పించుకోవద్దు. ద్వితీయోపదేశకాండం 28:7లో శత్రువులు ఒక దారిన వచ్చి ఏడు దారుల పారిపోతారు. 28:25లో ఇశ్రాయేలు ఒక దారిన వెళ్లి ఏడు దారుల పారిపోతుంది. అంకెలు కూడా అవే. లేవీయకాండం 26:8లో ఐదుగురు నూరుమందిని తరుముతారు. అదే అధ్యాయం 36వ వచనంలో కొట్టుకుపోయే ఆకు చప్పుడే వాళ్లను తరుముతుంది, ఎవరూ వెంటపడకుండానే పడిపోతారు.

దీన్ని కథలో చూడాలంటే 1 సమూయేలు 4, 7 అధ్యాయాలు ఒకేసారి చదవాలి. నాలుగులో ఇశ్రాయేలు నాలుగువేలమందిని పోగొట్టుకుని, నిబంధన మందసాన్ని, అంటే ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టెను, యుద్ధానికి తెప్పించింది. దండు వేసిన కేక విని ఫిలిష్తీయులు నిజంగానే భయపడ్డారు, అయ్యో మనకు శ్రమ అన్నారు. కానీ భయపడి ధైర్యం తెచ్చుకుని పోరాడారు. ముప్ఫైవేలమంది కూలారు, మందసం పట్టుబడింది. శత్రువు భయపడితే గెలిచినట్టే అని పట్టిక నింపేవాళ్లకు ఇక్కడ పెన్ను ఆగాలి. ఏడో అధ్యాయంలో ముందు బయలు దేవతలను తీసేశారు, మిస్పాలో ఉపవాసం ఉన్నారు, సమూయేలు ప్రార్థించాడు. అప్పుడు ఉరుము, ఫిలిష్తీయుల కలవరం. నాలుగులో ఇశ్రాయేలు దిగిన చోటి పేరు, ఏడులో సమూయేలు నిలబెట్టిన రాయి పేరు ఒకటే: ఎబెనెజరు. యిర్మీయా 7:4లో ఇదే యెహోవా ఆలయం అని మూడుసార్లు అంటూ ధీమాగా ఉన్నవాళ్లది కూడా మందసం తెచ్చినవాళ్ల పొరపాటే. వస్తువో స్థలమో కాపాడుతుందనుకున్నారు.

న్యాయాధిపతుల, రాజుల కాలం

ఇక్కడ నాలుగో గడి మీద దృష్టి పెట్టండి. దేవుని జనం ఏ స్థితిలో ఉన్నారు? మిద్యానీయుల మీదికి వెళ్లిన గిద్యోను దగ్గర ముప్ఫై రెండు వేలమంది ఉంటే, భయపడేవాళ్లు వెళ్లొచ్చన్నప్పుడు ఇరవై రెండు వేలు ఇంటికి పోయారు, చివరికి మిగిలింది మూడు వందలు. ఆ రాత్రి గిద్యోనుకే భయం. న్యాయాధిపతులు 7:10లో దేవుడే, భయమైతే నీ పనివాడు పూరాను తీసుకుని దిగు అంటాడు. అతనికి ధైర్యం వచ్చింది శత్రువు నోటి నుంచి, వాళ్ల కల విన్నాక. 2 దినవృత్తాంతములు 20లో యూదా రాజు యెహోషాపాతు మొదట భయపడ్డాడు, మూడో వచనం దాచదు. ఉపవాసం, ప్రార్థన, పాట పాడేవాళ్లను దండుకు ముందు నిలపడం తర్వాతివి. 29వ వచనంలో దేవుని భయం రాజ్యాల మీద పడింది.

2 రాజులు 7లో సిరియా దండు రథాల చప్పుడు విని సాయంకాలం లేచి పారిపోయింది. కనుక్కున్నది నలుగురు కుష్ఠరోగులు. ముట్టడిలో ఉన్న ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను లోపల అప్పటికి ఆకలి ఎంత ఉందంటే గాడిద తల ఎనభై తులాల వెండి పలికింది. కాపుదల వచ్చింది కానీ దానికి ముందు ఆ ఆకలీ నిజమే. దాని ముందు అధ్యాయంలో దోతాను దగ్గర ప్రవక్త ఎలీషా పనివాడికి అగ్ని రథాలు కనిపిస్తాయి. సిరియనులకు గుడ్డితనం కలిగింది, ఎలీషా వాళ్లను షోమ్రోను నడుమకు తీసుకొచ్చాడు. కొట్టనా అని రాజు అడిగితే, రొట్టె నీళ్లు పెట్టి పంపించు అన్నాడు. గొప్ప విందు చేసి పంపారు. అగ్ని రథాల బొమ్మ అందరికీ గుర్తుంటుంది. ఈ విందును కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయండి.

అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద చేసిన దండయాత్రను బయటి ఆధారంతో కలిపి చదవొచ్చు. అది క్రీ.పూ. 701. 2 రాజులు 18లో అతని అధికారి రబ్షాకే యెరూషలేము గోడ కింద నిలబడి యూదుల భాషలోనే అరుస్తాడు, ప్రజలు విని వణకాలని. అరామిక్‌లో మాట్లాడమని అధికారులు బతిమాలినా వినడు. భయపెట్టడం అష్షూరు విధానం. సన్హెరీబు వేయించిన మట్టి శాసనం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో 46 కోట పట్టణాలు పట్టానని, యూదా రాజు హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని, తన ప్రభుత్వపు భీకర తేజస్సు అతన్ని కమ్మేసిందని రాయించుకున్నాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం లేదు. బంగారం లెక్క రెండుచోట్లా 30 తలాంతులే. వెండి మాత్రం 2 రాజులు 18:14లో 300, శాసనంలో 800. అంటే శత్రువుల మీద భయం పడిందని చెప్పుకోవడం ఆ కాలపు రాజులందరికీ ఉన్న అలవాటే. హెబ్రీ లేఖనాల ప్రత్యేకత ఎక్కడుందంటే, ఆ భయం తమ మీదికే తిరిగిన రోజులనూ అవి రాసిపెట్టుకున్నాయి. 19:7లో దేవుడు సన్హెరీబు గురించి చెప్పే మాట చూడండి: అతను ఒక వదంతి విని తన దేశానికి తిరిగిపోతాడు.

ఎస్తేరు దగ్గర నిదానించండి

హెబ్రీ ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరే లేదు. 8:17లో యూదులంటే భయం, 9:3లో యూదుడైన మొర్దెకై అంటే భయం అని ఉంటుంది. ఇది మనుషుల మీద భయంగా మారిపోయిందా అన్న ప్రశ్న గుంపులో తప్పక వస్తుంది. రానివ్వండి. జవాబు వెతకడానికి 8:11, 9:10, 9:15, 9:16 చూపించండి. కొల్లసొమ్ము తీసుకునే అనుమతి ఆజ్ఞలో ఉంది. వాళ్లు దాని మీద చెయ్యి వేయలేదని మూడుసార్లు రాసి ఉంది.

ప్రార్థనలోకి వచ్చేటప్పుడు

ఇప్పుడు కీర్తనలు. 14, 53 కీర్తనలు దాదాపు ఒకటే. రెంటినీ రెండు వరసల్లో రాసి పెద్ద తేడా ఎక్కడ వస్తుందో చూడండి. ఐదో వచనంలో వస్తుంది. 14వ కీర్తన దేవుడు నీతిమంతుల వంశంతో ఉన్నాడంటుంది. 53వది ముట్టడి వేసినవాళ్ల ఎముకలను దేవుడు చెదరగొట్టాడంటుంది. మొదటిది కాపుదల, రెండోది శత్రువు సంగతి, భయం రెంటిలోనూ ఒకటే.

83వ కీర్తనను శత్రువుల మీద ప్రార్థించాలనుకుంటే పదహారో వచనం దాకా చదవండి. సీసెరాకు, మిద్యానుకు చేసినట్టు చెయ్యి అని అడిగినవాడే, వాళ్లు నీ నామాన్ని వెదికేలా వాళ్ల ముఖాలను సిగ్గుతో నింపు అంటాడు. ఆ కోరిక లేకుండా ప్రార్థిస్తే ఆ కీర్తనలో సగమే ప్రార్థించినట్టు.

కాపుదల రాని రోజు కూడా లేఖనాల్లో ఉంది. నిన్ను మరువలేదు, నిబంధన మీరలేదు, అయినా నీ కోసం రోజంతా చంపబడుతున్నాం అని 44వ కీర్తన మొరపెడుతుంది. రాజు కొలిమి ముందు ముగ్గురు యువకులు, ఆయన రక్షించకపోయినా నీ దేవతలను కొలవం అంటారు (దానియేలు 3:18). కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర ఈ అంశం చెప్పాల్సి వస్తే 91 కంటే ముందు 44ను చదివి వినిపించండి. కాపాడబడలేదంటే విశ్వాసం లేదనే మాట ఎవరి నోటా రానివ్వకండి.

చివరి పూట యెషయా 7:2, 8:12-13 కలిపి చదవడానికి ఉంచండి. గాలికి అడవి చెట్లు కదిలినట్టు యూదా రాజు ఆహాజు గుండె, జనం గుండె కదిలాయి. వాళ్లు భయపడేదానికి మీరు భయపడొద్దు, సైన్యాలకధిపతియగు యెహోవాకే భయపడండి అని జవాబు. పట్టికను ముందు పెట్టుకుని, మొదటి గడిలో రాసిన ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చివరికి ఎవరికి భయపడ్డాడో మూడో రంగుతో రాయండి. రాహాబు వరస దగ్గరా, రబ్షాకే వరస దగ్గరా రాసేది ఒకటి కాదు.